ఉత్తుత్తి జేబుల జీన్స్: మూడు నెలలు తొడిగాక

ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న ఆడవాళ్ల జీన్స్ ఇది. కంపెనీ పేరు రాయడం లేదు, పక్క కంపెనీదీ ఇలాగే ఉంటుంది కాబట్టి రాసినా పెద్ద ఉపయోగం లేదు. మూడు నెలలు తొడిగాను, పదిహేను ఉతుకుల దాకా అయ్యాయి. మొదటి రెండుసార్లు నీలం బాగా వదిలింది, విడిగా ఉతకండి. సైజు మామూలుగా తీసుకునేదే సరిపోయింది.

ఇక కుట్టు సంగతి. ఇరవై రెండేళ్లు మిషన్ మీద కూర్చున్నదాన్ని, ఏ బట్ట కొన్నా ముందు తిరగేసి చూస్తాను. పైవైపు ఎవరైనా అందంగానే కుడతారు, అసలు పనితనం లోపల తెలుస్తుంది. దీని కాళ్ల కుట్టు రెండు వరుసలు, ఎక్కడా దారం వదులు లేదు, గుడ్డ గుంజుకుపోలేదు. నడుము పట్టీ చివర్లో గుడ్డ ఐదారు మడతల మందం వస్తుంది. సూదులు విరిగేదీ, కుట్లు తప్పేదీ అక్కడే. నేనైతే అక్కడికొచ్చేసరికి కాలు పెడల్ మీంచి తీసి, చక్రం చేత్తో తిప్పుకునేదాన్ని. ఇందులో ఒక్క కుట్టు తప్పలేదు. కుట్టినావిడకి ఐదుకి ఐదు.

ఇప్పుడు జేబులు. కుడి జేబులో నా చెయ్యి వేళ్ల మొదళ్ల దాకా కూడా దిగదు. ఫోన్ సగం బయటే ఉంటుంది, కూర్చుంటే జారిపోతుంది. రెండుసార్లు కింద పడింది. ఎడమవైపు జేబు అసలు లేనే లేదు! ఒంపు ఉంది, అంచున డబుల్ కుట్టు ఉంది, రాగి రివెట్ కూడా ఉంది, లోపల సంచి మాత్రం లేదు. మా తమ్ముడి జీన్స్ పక్కన పెట్టి టేపుతో కొలిచాను. వాడి జేబు తొమ్మిది అంగుళాలు, నాది ఐదు. ఇది నా ఒక్కదాని గోల కాదు. ద పుడింగ్ అనే డిజిటల్ పత్రిక 2018లో 20 బ్రాండ్ల జీన్స్ కొలిపించింది. ఆడవాళ్ల ముందు జేబులు మగవాళ్ల వాటికన్నా సగటున 48 శాతం పొట్టిగా ఉన్నాయట.

కుట్టు తెలియనివాళ్లకి ఒక మాట చెప్పాలి. ఉత్తుత్తి జేబంటే పని తగ్గిందనుకోకండి. ఒంపు కత్తిరించాలి, అంచు మడవాలి, రెండు వరుసలు కుట్టాలి, రివెట్ కొట్టాలి. మిగిలేది అరచేతంత సంచి గుడ్డ, దాని చుట్టూ ఒక కుట్టు, అంతే. లేని జేబుని కుట్టేదీ ఆడమనిషే, దాన్ని తొడుక్కుని తాళంచెవి ఎక్కడ పెట్టుకోవాలా అని వెతుక్కునేదీ ఆడమనిషే. జీన్స్‌కి వేలాడదీసిన అట్ట మీద మాత్రం 'ధైర్యవంతురాలైన స్త్రీ కోసం' అన్న అర్థం వచ్చే మాట పెద్ద అక్షరాలతో ఉంది.

కుట్టింది 'ఆవిడ' అని ఎలా అంటున్నానంటే, లేబుల్ మీద 'లెసోతో' అని ఉంది. చుట్టూ దక్షిణాఫ్రికాయే ఉన్న చిన్న దేశం అది. ఆఫ్రికా దేశాల బట్టల్ని సుంకం లేకుండా రానిస్తామని అమెరికా 2000లో చట్టం చేశాక అక్కడ జీన్స్ ఫ్యాక్టరీలు బాగా పెరిగాయి. మిషన్ల ముందు కూర్చునేది ఎక్కువగా ఆడవాళ్లే. 2019లో అక్కడి కొన్ని ఫ్యాక్టరీల సంగతి బయటపడింది. ఉద్యోగం నిలవాలన్నా, కాంట్రాక్టు పొడిగించాలన్నా సూపర్‌వైజర్లు ఆడవాళ్లని లైంగికంగా లొంగదీసుకునేవాళ్లు. నా జీన్స్ అలాంటి చోటే కుట్టారా అంటే, లేబుల్ దేశం పేరు దగ్గరే ఆగిపోయింది. ఇస్త్రీ వేడి ఎంతుండాలో, బ్లీచ్ వెయ్యొచ్చో కూడదో చెప్పే బొమ్మలకి మాత్రం లోటు లేదు.

ఆ ఏడాది ఆగస్టులోనే యూనియన్లు, మహిళా సంఘాలు, ఫ్యాక్టరీ యాజమాన్యం, కొనుగోలు చేసే బ్రాండ్లు కలిసి ఒప్పందం చేసుకున్నాయి. ఫిర్యాదులు ఫ్యాక్టరీవాళ్లు కాకుండా బయటివాళ్లు విచారించాలని అందులో రాసుకున్నారు. యాజమాన్యం మాట తప్పితే బ్రాండ్లు ఆర్డర్లు తగ్గించాలనీ రాసుకున్నారు. గోడకి నియమాల కాగితం అంటించి చేతులు దులుపుకునే పద్ధతికీ దీనికీ చాలా తేడా ఉంది. అంతకుముందు బంగ్లాదేశ్‌లో ఇలాంటి కట్టుబాటు రావడానికి 2013 ఏప్రిల్ 24న బట్టల ఫ్యాక్టరీలున్న రానా ప్లాజా భవనం కూలి 1,134 మంది చనిపోవాల్సి వచ్చింది. ముందురోజే గోడలు పగిలాయి. కింద ఉన్న బ్యాంకు తన ఉద్యోగుల్ని రావద్దంది. కుట్టేవాళ్లని మాత్రం తెల్లారాక మళ్లీ పైకి ఎక్కించారు.

ఇదంతా చెప్తే మా అమ్మాయి, "అయితే ఇలాంటివి కొనడం మానెయ్యమ్మా" అంది. నాకు అంత తేలిగ్గా నోరు రాలేదు. పీసుకింత అని కుట్టి బతికినదాన్ని, పని ఆగిపోయిన నెల ఎలా ఉంటుందో నాకు తెలుసు. 2025 ఏప్రిల్‌లో లెసోతో సరుకు మీద 50 శాతం సుంకం వేస్తామని అమెరికా ప్రకటించింది. తర్వాత 15కి తగ్గించారు గానీ ఈలోపే ఆర్డర్లు ఆగాయి, ఫ్యాక్టరీలు మనుషుల్ని తీసేశాయి. సుంకాల జాబితాలో ఆడ, మగ అని ఎక్కడా ఉండదు, ఇంటికి వెళ్లింది మాత్రం ఎక్కువగా ఆడవాళ్లే. పైగా ఆర్డర్లు తీసేస్తారన్న భయమే కదా ఆ 2019 ఒప్పందానికి బలం. తియ్యడానికి ఆర్డర్లే లేకపోతే సూపర్‌వైజర్ ఎవరికి భయపడతాడు?

మొత్తానికి కుట్టుకి ఐదు, గుడ్డకి నాలుగు, జేబులకి ఒకటి. లేబుల్‌కి కూడా ఒకటే. అందులో ఫ్యాక్టరీ పేరూ, ఫిర్యాదులు వినే బయటివాళ్లు ఉన్నారా లేదా అన్న ఒక్క ముక్కా రాస్తే రెండు పెంచుతాను. బ్లీచ్ బొమ్మ పక్కన చోటుంది.

జీన్స్ వెనక్కి పంపలేదు. పాత దిండుగలీబు గుడ్డతో ఎనిమిది అంగుళాల సంచి కత్తిరించి ఎడమవైపు జేబు పెట్టుకున్నాను. ఇప్పుడు ఫోన్ పూర్తిగా దిగుతోంది. అసలు కుట్టు విప్పడానికే గంట పట్టింది. అంత గట్టిగా కుట్టింది మహాతల్లి.