ఒక్కరోజు ఎయిర్‌వే వర్క్‌షాప్: పొద్దున మామూలే, మధ్యాహ్నం మాత్రం వదులుకోవద్దు

హైదరాబాద్‌లో అనస్థీషియా డాక్టర్ల కోసం పెట్టిన డిఫికల్ట్ ఎయిర్‌వే (శ్వాస గొట్టం వెయ్యడం కష్టమయ్యే కేసులు) వర్క్‌షాప్ ఇది. పొద్దున లెక్చర్లు స్లైడ్లు చదివి వినిపించడమే. ఆలస్యంగా వెళ్లినా పోయేదేం లేదు.

అసలు సరుకంతా మెడ ముందు నుంచి గాలిదారి తీసే టేబుల్ దగ్గరే. సామాను మూడే: 10 నంబర్ బ్లేడ్, బూజీ (ట్యూబ్‌కు దారి చూపే సన్నని, వంగే కడ్డీ), 6 సైజు కఫ్ ట్యూబ్ (గాలి బుడగ ఉన్న శ్వాస గొట్టం). గొంతు ముందు భాగంలో రెండు మృదులాస్థుల మధ్య ఉండే క్రికోథైరాయిడ్ పొరలోకి బ్లేడ్‌ను అడ్డంగా దించి, పదును కాళ్ల వైపు వచ్చేలా 90 డిగ్రీలు తిప్పి, దాని వెంటే బూజీని 10–15 సెంటీమీటర్లు జార్చాలి. చాలామంది బూజీ అందుకోకముందే బ్లేడ్ లాగేస్తారు. దాంతో కోసిన దారి మూసుకుని బూజీ చర్మం కిందికి దూరుతుంది. ఇక్కడి ట్రైనర్ సరిగ్గా అక్కడే చెయ్యి పట్టుకుని ఆపుతారు.

ప్రాక్టీస్ బొమ్మ మెడకు పాత రంధ్రాలుంటే కోయాల్సిన చోటును వేలితో వెతికే పనే ఉండదు, నేర్చుకునేదీ ఉండదు. మటన్ కొట్టు నుంచి తెచ్చిన మేక శ్వాసనాళాలు ఆ లోటు తీర్చాయి.

వీడియో లారింగోస్కోప్ (గొంతు లోపలిని తెర మీద చూపే కెమెరా పరికరం) టేబుల్ పర్వాలేదు. స్వరతంత్రులు తెర నిండా కనబడుతున్నా ట్యూబ్ వెళ్లకపోతే, ఆ పరికరం బ్లేడ్‌ను కాస్త వెనక్కి తియ్యాలని చేయించి చూపించారు.

లోపమల్లా రద్దీయే. టేబుల్‌కు పన్నెండు మంది, మనిషికి రెండు ప్రయత్నాలు! ఆరుగురైతే సరిపోయేది. డాక్టర్ రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు ఇలాంటి శిక్షణల క్రెడిట్ గంటలు ఐదేళ్లలో 30 కావాలి కాబట్టి, సర్టిఫికెట్ మీద రిజిస్ట్రేషన్ నంబర్ సరిగ్గా పడిందో లేదో అక్కడే చూసుకోండి.