ఆక్స్‌ఫర్డ్, డౌన్, వెస్ట్‌మినిస్టర్: నాన్నగారితో డార్విన్ కాలపు ఇంగ్లండులో

మనిషికి 22 పౌండ్ల చొప్పున ముగ్గురికి 66 పౌండ్లు, అంటే మన డబ్బుల్లో దాదాపు ఏడు వేల రూపాయలు ఇచ్చి, గైడు వెంట ఆక్స్‌ఫర్డ్ వీధుల్లో గంటన్నర నడిచి, డార్విన్ పరిణామవాదం మీద ఒక బిషప్‌కూ శాస్త్రజ్ఞుడికీ జరిగిన గొడవ గురించి నూట అరవై ఏళ్లుగా నలుగుతున్న ఒక కట్టుకథను చరిత్రగా విని వచ్చాం. ఆ బాధ ఇంకా తీరలేదు కాబట్టే ఇది రాస్తున్నాను. అదే ఊళ్లో, అదే రోజున, పైసా ఖర్చు లేకుండా చూసినవి మా నాన్నగారి మనసుకు ఎంత ఊరట ఇచ్చాయో కూడా చెప్పాలి.

నాన్నగారు గుంటూరులో ముప్పై రెండేళ్లు డిగ్రీ విద్యార్థులకు జంతుశాస్త్రం చెప్పారు. అన్నేళ్లూ ఆదివారం ఉదయం లూథరన్ చర్చిలో సండే స్కూలు పిల్లలకు బైబిలు వాక్యం చెప్పారు. స్టాఫ్ రూములో "నిన్న ఆదికాండం, ఇవాళ డార్వినా మాస్టారూ" అని అడిగేవాళ్లు. చర్చి మెట్ల మీద "మనుషులు కోతుల నుంచి వచ్చారని చెబుతున్నారట కదా అయ్యగారూ" అని నిలదీసేవాళ్లు. ఆయన ఇద్దరికీ నవ్వే సమాధానంగా ఇచ్చేవారు కానీ, ఆ మాటలు గుచ్చుకునేవని ఇంట్లో మాకు తెలుసు. అందుకే 2024 జూన్‌లో హారోలో ఉండే మా చెల్లెలి ఇంటికి వెళ్లినప్పుడు, లండన్ చూపిస్తామంటే వద్దని, మతానికీ శాస్త్రానికీ మధ్య ఈ తగవు పుట్టిందని అందరూ చెప్పే చోటు చూపించమన్నారు. ఆయనకు డెబ్బై నాలుగేళ్లు, కుడి మోకాలు నొప్పి. నేనూ మావారూ వెంట వెళ్లాం.

ముందు బస సంగతి. ఆక్స్‌ఫర్డ్‌లో రెండు గదులు రెండు రాత్రులకు 248 పౌండ్లకు ఇంటర్నెట్‌లో బుక్ చేసుకున్నాం. ఉదయం ఫలహారం కలిపే ఈ ధర అని అక్కడ రాసి ఉంది. తీరా వెళ్తే గదులు మూడో అంతస్తులో ఉన్నాయి. లిఫ్టు లేదు. కింద గదులు ఖాళీగా కనబడుతున్నా, పెద్దాయన మోకాలు చూపించి బతిమాలినా, ఇవ్వడం కుదరదన్నారు. మర్నాడు బల్ల మీద రొట్టెలు, టీ పెట్టి, మనిషికి 8.50 పౌండ్లు అడిగారు. బుకింగ్ కాగితం చూపిస్తే అది వేరే రకం గదులకని చెప్పారు. ఆఖరి రోజు గది ఖాళీ చేసి సాయంత్రం దాకా సామాను ఉంచితే పెట్టెకు 5 పౌండ్ల చొప్పున మూడింటికి 15 పౌండ్లు వేరే తీసుకున్నారు. ఫలహారం లెక్క విన్న రోజు మావారికి కోపం వచ్చి చాలాసేపు మాట్లాడలేదు. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు బుక్ చేసే ముందే ఏ అంతస్తు, లిఫ్టు ఉందా, ఫలహారం లెక్క ఏమిటి అన్న మూడు ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి. ఫోన్లో చెప్పిన మాటకు అక్కడ విలువ లేదు.

ఇక గైడు. 1860 జూన్ 30, శనివారం, బ్రిటిష్ అసోసియేషన్ అనే శాస్త్రజ్ఞుల సంఘం ఆక్స్‌ఫర్డ్‌లో సమావేశమైంది. అంతకు ఏడు నెలల క్రితమే వెలువడిన డార్విన్ పుస్తకం మీద చర్చ జరిగింది. ఆక్స్‌ఫర్డ్ బిషప్ శామ్యూల్ విల్బర్‌ఫోర్స్ లేచి, డార్విన్ పక్షాన నిలిచిన జీవశాస్త్రజ్ఞుడు థామస్ హక్స్‌లీని "కోతి మీకు తాత వైపు చుట్టమా, నాయనమ్మ వైపు చుట్టమా" అని అడిగారట. హక్స్‌లీ దిమ్మదిరిగే సమాధానం ఇస్తే స్త్రీలు మూర్ఛపోయారట, చర్చి ఆ ఒక్క మధ్యాహ్నంతో ఓడిపోయిందట. మా గైడు దీన్ని చేతులు తిప్పుతూ, ఇద్దరి గొంతులూ అనుకరిస్తూ, తాను ఆ గదిలో కూర్చుని విన్నట్టుగా చెప్పాడు. నాన్నగారు మర్యాదగా చెయ్యెత్తి, "ఆ మాటలు ఆ రోజు ఎవరు రాసుకున్నారు బాబూ" అని ఆంగ్లంలో అడిగారు. అతను గడియారం చూసుకుని, ఇంకో గుంపు ఎదురుచూస్తోందని, ప్రశ్నలుంటే తర్వాత ఈమెయిల్ పంపమని చెప్పి ముందుకు నడిచాడు. ఆ వయసు మనిషిని అలా వదిలేసి వెళ్లడం చూసి నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆ ప్రశ్నకు జవాబు నాన్నగారికి ముందే తెలుసు. ఆ సభలో జరిగినదాన్ని మాట పోకుండా ఎవరూ రాసిపెట్టలేదు. ఏదో ఎత్తిపొడుపు జరిగిందన్నది నిజమే. కానీ అందరూ వల్లించే మెరుగుపెట్టిన సంభాషణ ఎక్కువ భాగం 1898లో, అంటే 38 ఏళ్ల తర్వాత, ఒక పత్రికలో అచ్చయిన జ్ఞాపకం నుంచి వచ్చింది. సభ జరిగిన రెండు రోజులకే వృక్షశాస్త్రజ్ఞుడు జోసెఫ్ హుకర్ డార్విన్‌కు రాసిన ఉత్తరంలో, హక్స్‌లీ గొంతు అంత పెద్ద సభకు అందలేదని, బిషప్‌ను తానే గట్టిగా ఎదుర్కొన్నానని చెప్పుకున్నాడు. విల్బర్‌ఫోర్స్ కూడా ఏమీ చదవకుండా లేచిన మనిషి కాదు. ఆక్స్‌ఫర్డ్‌లో గణితంలో ప్రథమ శ్రేణి సాధించినవాడు. డార్విన్ పుస్తకం మీద ఆయన రాసిన సమీక్ష చదివి, తన వాదంలో ఊహ మీద ఆధారపడిన భాగాలన్నిటినీ నేర్పుగా ఏరి పట్టుకున్నాడని డార్విన్ స్వయంగా ఒప్పుకున్నాడు. ఆ సభకు అధ్యక్షుడైన హెన్‌స్లో, కేంబ్రిడ్జిలో డార్విన్‌కు గురువు, వృక్షశాస్త్రజ్ఞుడు, చర్చి ప్రీస్టు కూడా. ఇద్దరి గొడవకు ముందు గంటకు పైగా ప్రసంగించి జనాన్ని విసిగించింది న్యూయార్కు నుంచి వచ్చిన జాన్ విలియం డ్రేపర్. మతానికీ శాస్త్రానికీ మధ్య ఆదినుంచీ యుద్ధమేనని 1874లో పుస్తకం రాసి, ఆ ఆలోచనకు లోకమంతా ప్రచారం తెచ్చినవాడు అతనే. యుద్ధం కథ మనకు ఎవరి చేతుల మీదుగా వచ్చిందో గైడు ఈ ఒక్క సంగతి చెప్పినా 66 పౌండ్లకు కొంత న్యాయం జరిగేది.

ఆ సభలోనే ఒక మనిషి బైబిలు పైకెత్తి, మనిషి మాట కాదు దేవుని మాట నమ్మండని కేక వేశాడు. అతను రాబర్ట్ ఫిట్జ్‌రాయ్, డార్విన్ ప్రపంచం చుట్టి వచ్చిన బీగిల్ ఓడకు కెప్టెన్. గైడు అతన్ని పిచ్చివాడిగా చూపించి గుంపును నవ్వించాడు. నాన్నగారు మాత్రం నవ్వలేదు. ఫిట్జ్‌రాయ్ ఆ వారం ఆక్స్‌ఫర్డ్ వచ్చింది తుపానుల మీద పత్రం సమర్పించడానికి. మరుసటి ఏడే ఇంగ్లండు రేవుల్లో తుపాను హెచ్చరికల గుర్తులు ఎగరేయించాడు, పత్రికల్లో వాతావరణ సూచన మొదలుపెట్టించాడు. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు నాన్నగారు విద్యార్థులను వెంటబెట్టుకుని సహాయానికి వెళ్లి, అక్కడ చూసినవి నేటికీ పూర్తిగా మాకు చెప్పలేదు. రేవులో ఎగిరే ప్రమాద సూచిక విలువ తెలిసిన మనిషి కాబట్టి, బైబిలు పట్టుకున్న ఆ కెప్టెన్ గురించి ఆయన ఒకే మాట అన్నారు: "ఆ చేతుల్లో రెండూ ఉన్నాయమ్మా."

గైడు వదిలేసిన చోటు నుంచి పది నిమిషాలు నడిస్తే ఆ సభ జరిగిన విశ్వవిద్యాలయ ప్రకృతి చరిత్ర మ్యూజియం వస్తుంది. ప్రవేశం ఉచితం. మీరు ఆక్స్‌ఫర్డ్‌లో ఒకే ఒక్క చోటు చూడగలిగితే ఇదే చూడండి, కళాశాలల టిక్కెట్ల జోలికి పోకండి. బయట పచ్చికలో, ఆ చర్చకు 150 ఏళ్లు నిండిన సందర్భంగా 2010లో నిలిపిన రాతి స్తంభం ఉంది. సభ జరిగిన పై గదిని సందర్శకులకు మామూలుగా చూపరు, దానికి నిరాశ పడనక్కర్లేదు. ఎందుకంటే అసలు సంగతి గుమ్మం మీదే ఉంది. ద్వారం పైన చెక్కిన దేవదూత ఒక చేతిలో గ్రంథం, మరో చేతిలో జీవకణం పట్టుకుని నిలబడి ఉంది. ఈ భవనానికి డబ్బు చాలావరకు విశ్వవిద్యాలయ ముద్రణాలయం బైబిళ్లు అమ్మగా మిగిలిన సొమ్ము నుంచి వచ్చింది. సృష్టిని చదవడం కూడా సృష్టికర్తను చదవడమేనని నమ్మిన ఆక్స్‌ఫర్డ్ వైద్యుడు హెన్రీ ఆక్లండ్ వంటివాళ్లు పట్టుబట్టి కట్టించారు. అంటే డార్విన్ మీద చర్చ జరిగిన కప్పు బైబిలు డబ్బుతో వేసింది.

లోపల ఇనుము, అద్దాల కప్పు కింద చుట్టూ స్తంభాలు. ఒక్కొక్క స్తంభం బ్రిటిష్ దీవుల్లోని ఒక్కొక్క చోటి రాయి. దాని పేరు, అది దొరికిన చోటు స్తంభం మొదట్లో చెక్కి ఉంటాయి. ఐర్లండు నుంచి వచ్చిన ఓషే సోదరులు పైన ఆకులు, పూలు చెక్కారు. నమూనాగా తోటలోంచి పచ్చి మొక్కలు తెప్పించుకుని, వాటిని చూస్తూ చెక్కేవారట. నాన్నగారు మోకాలు నొప్పి మరచి, ఒక స్తంభం దగ్గర వంగి, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని, ఎర్ర గ్రానైటు మీది అక్షరాలను వేలితో తడుముతూ చదివారు. తర్వాత పైకి చూసి ఫెర్న్ ఆకు వెనక వైపు సిద్ధబీజాలుండే చుక్కలు చూపించి, "సోరైలు కూడా చెక్కారు చూడు" అన్నారు. డోడో పక్షి అవశేషాలు చూడ్డానికి పిల్లలు తోసుకుంటుంటే, మేం స్తంభాల చుట్టూ రెండు గంటలు గడిపాం. మావారు ఆ రోజు మొదటిసారి అక్కడే మాట్లాడారు.

సాయంత్రం హై స్ట్రీట్‌లోని సెయింట్ మేరీ చర్చిలో కాసేపు కూర్చున్నాం. గోపురం ఎక్కడానికి టిక్కెట్టు, లోపల కూర్చోవడానికి ఏమీ లేదు. ఆ గొడవ జరిగిన మరునాడు, 1860 జూలై 1 ఆదివారం, సమావేశానికి వచ్చిన శాస్త్రజ్ఞుల ముందు ఫ్రెడరిక్ టెంపుల్ అనే ప్రీస్టు విశ్వవిద్యాలయ ప్రసంగం చేశాడు. ప్రకృతి నియమాల్లోనే దేవుణ్ని చూడాలి గానీ, శాస్త్రం ఇంకా వివరించని ఖాళీల్లో ఆయన్ను వెతకకూడదన్నది దాని సారం. కొందరు మతపెద్దలు అతన్ని నాస్తికుడితో సమానంగా చూశారు. బైబిలును విమర్శ దృష్టితో చదవాలంటూ అదే ఏడు వచ్చిన, అతనూ ఒక వ్యాసం రాసిన సంపుటి, డార్విన్ పుస్తకం కంటే ఎక్కువ కలకలం రేపింది. ఆ టెంపుల్ 1896లో ఇంగ్లండు చర్చికి పెద్ద అయిన కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్ అయ్యాడు. శనివారం సభ గురించి లోకమంతా చెబుతుంది, ఆదివారం ప్రసంగం గురించి మా గైడు ఆ చర్చి పక్కనుంచే నడిపించి కూడా ఒక్క ముక్క చెప్పలేదు.

డౌన్ గ్రామం ప్రయాణం సుఖంగా సాగింది. బ్రామ్‌లీ నుంచి 146 నంబరు సిటీ బస్సులో అప్పుడు మనిషికి 1.75 పౌండ్లు అయింది. బస్సు గంటకు ఒకటే కాబట్టి తిరుగు ప్రయాణం వేళ ముందే చూసుకోండి. 1842 నుంచి 1882లో చనిపోయే దాకా డార్విన్ ఉన్న ఇల్లు అది. మన గుంటూరులో హేయర్ అయ్యగారు లూథరన్ మిషన్ ప్రారంభించిన ఏడు కూడా 1842 అని గుర్తొచ్చి నాన్నగారు సంతోషించారు. తోట వెనక డార్విన్ రోజూ నడిచిన ఇసుక దారి ఉంది. ఎన్ని చుట్లు తిరిగాడో తెలియడానికి మలుపు దగ్గర రాళ్లు పేర్చి, చుట్టుకొకటి తన్నేవాడట. ఇల్లు బాగుంది, టిక్కెట్టుకు తగినదే. నాకు మాత్రం ఊరి చర్చే ఎక్కువ మనసులో నిలిచింది.

ఆ చర్చికి డార్విన్ భార్య ఎమ్మా పిల్లలను తీసుకుని వెళ్లేది. 1851లో పదేళ్ల కూతురు ఆనీ చనిపోయాక డార్విన్‌కు విశ్వాసం దాదాపు మిగల్లేదు. అయినా ఊరి ప్రీస్టు ఇన్నెస్ ఆయనకు ఆప్తమిత్రుడు. ఊరి పేదల సహాయ సంఘం లెక్కలు డార్విన్ ఏళ్ల తరబడి చూశాడు. ఎమ్మా సమాధి ఆ చర్చి ఆవరణలోనే ఉంది. మేం బెంచీ మీద కూర్చుని చెల్లెలు కట్టిచ్చిన పులిహోర తింటుంటే, చర్చి లోపల పూలు సర్దుతున్న ఒక పెద్దావిడ వచ్చి, చలిగాలి అంటూ మూడు కప్పుల టీ తెచ్చి ఇచ్చింది. డబ్బు తీసుకోలేదు. నాన్నగారు పులిహోర పెడితే రెండు చెంచాలు తిని, కారానికి కళ్లు తుడుచుకుంటూనే ఇంకొంచెం అడిగింది.

చివరి రోజు లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ అబ్బే చర్చి. మేం వెళ్లినప్పుడు వయోజనుల టిక్కెట్టు 29 పౌండ్లు, మూడు వేల రూపాయల పైమాటే. సాయంత్రం ఆరాధనకు ఉచితంగా వెళ్లవచ్చు కానీ అప్పుడు సమాధుల మధ్య తిరగనివ్వరు. అందుకని ఈ ఒక్కచోట టిక్కెట్టు కొనండని నా సలహా. పేరు, పుట్టిన తేదీ, చనిపోయిన తేదీ తప్ప మరేమీ లేని సాదా రాయి కింద డార్విన్ ఉన్నాడు. దగ్గరలోనే న్యూటన్, ఖగోళ శాస్త్రజ్ఞుడు జాన్ హెర్షెల్, 2018 నుంచి హాకింగ్. 1882 ఏప్రిల్ 26న ఆ శవపేటిక వెంట నడిచినవాళ్లలో హక్స్‌లీ, హుకర్, పరిణామవాదంలో డార్విన్ సహచరుడు వాలెస్‌లతో పాటు అబ్బే ప్రీస్టు కానన్ ఫారర్ కూడా ఉన్నాడు. ఆ రోజు కోసం కొత్తగా స్వరపరచిన గీతానికి మాటలు బైబిలులోని సామెతల గ్రంథం మూడో అధ్యాయం నుంచి తీసుకున్నారు. జనం రాయి తొక్కుకుంటూ వెళుతుంటే నాన్నగారు పక్కకు జరిగి, చేతులు కట్టుకుని, ఆ వచనాన్ని మన తెలుగు బైబిలులో ఉన్నట్టే మెల్లగా చదివారు: "జ్ఞానము సంపాదించినవాడు ధన్యుడు, వివేచన కలిగిన నరుడు ధన్యుడు."

ఆ రాత్రే ఆయన హారోలో డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని, గైడు చెప్పినట్టుగా, ఈమెయిల్‌కు బదులు రెండు పేజీల ఉత్తరం చేత్తో రాశారు. 1860లో ఎవరు ఏమి రాసుకున్నారో, 1898లో ఏమి అచ్చయిందో, ఆదివారం ఎవరు ప్రసంగించారో తేదీలతో సహా ఉంది అందులో. డబ్బు తిరిగి అడగలేదు. ఆ సంస్థ నుంచి జవాబు ఇంతవరకు రాలేదు. అందలేదేమో, మళ్లీ పంపుదామని నకలు తీసి పెట్టుకున్నారు.