సీజన్ అయ్యాక తైవాన్ పంపు: పెట్రోల్ ఉంచడం మేలా, తీసేయడం మేలా?

మిరప ఆఖరి కోతలు మొదలయ్యాయంటే నాకు వచ్చే ఫోన్లలో సగం తైవాన్ పంపు, అంటే వీపున వేసుకుని మందు కొట్టే పెట్రోల్ స్ప్రేయర్ సంగతే. "అన్నా, పంపులో ఇంకా లీటరు దాకా ఉంది. అట్లనే ఉంచాలా, తీసెయ్యాలా?" ఒక్కొక్కరికి విడిగా చెప్పే బదులు నాకు తెలిసిందంతా ఇక్కడ పెడుతున్నా.

మార్చిలో పక్కన పెట్టిన పంపు మళ్లీ పత్తి మొలిచి పచ్చదోమ కనపడేదాకా బయటికి రాదు. తక్కువలో తక్కువ నాలుగు నెలలు. రెండు నెలలు రేకుల షెడ్డులో ఉడుకుతుంది, ఆ తర్వాత తొలకరి తేమలో నానుతుంది. పెట్రోల్‌కు ఈ రెండూ గిట్టవు.

ట్యాంకు నిండా పోసి పెట్టమనే వాళ్ల మాటలో న్యాయం లేకపోలేదు. ఖాళీ ఉంటే గాలి చేరుతుంది, గాలితో తేమ వస్తుంది, రాత్రి చల్లబడ్డప్పుడు లోపలి గోడలకు చెమట పట్టి ఇనప ట్యాంకు తుప్పెక్కుతుంది. పాత స్కూటర్లకూ జనరేటర్లకూ మెకానిక్‌లు చెప్పిన మాట ఇది, అప్పటికి సరైనదే. కానీ మన పంపు ట్యాంకు ప్లాస్టిక్‌ది, దానికి తుప్పు భయం లేదు. పైగా అప్పటి పెట్రోల్ ఇప్పుడు బంకుల్లో దొరకదు. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ 2023 ఫిబ్రవరిలో కొన్ని బంకుల్లో మొదలైంది, 2025 వచ్చేసరికి ఎక్కడ పోయించినా అదే. అంటే లీటరు తెస్తే అందులో దాదాపు 200 మిల్లీలీటర్లు ఇథనాలే.

ఇథనాల్ గాలిలోని తేమను పీలుస్తుంది. కొంతవరకు ఆ నీళ్లను పెట్రోల్‌లోనే కలిపి ఉంచుతుంది, పైకి ఏమీ తెలియదు. హద్దు దాటిందా, ఇథనాల్, నీళ్లు రెండూ కలిసి పెట్రోల్‌ను వదిలేసి అడుక్కి దిగుతాయి. ఇంజనుకు వెళ్లే పైపు అడుగు నుంచే పీలుస్తుంది కదా, ముందు లోపలికి పోయేది ఆ నీళ్ల పొరే. మనం కొలిచి పెట్రోల్‌లో కలిపిన టూటీ (టూ స్ట్రోక్ ఇంజన్ల) ఆయిల్ మాత్రం పైన పెట్రోల్‌లోనే ఉండిపోతుంది. టూ స్ట్రోక్ ఇంజనుకు ఆయిల్ అందేది పెట్రోల్‌తోనే కాబట్టి, ఆయిల్ లేకుండా కాసేపు తిరిగితే పిస్టన్ పట్టేస్తుంది.

ఇంతకీ నా లెక్కలో తీర్పు చెప్పేది ట్యాంకులోని లీటరు కాదు, పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజనుకు అందించే కార్బొరేటర్‌లో మిగిలే చెంచాడు. 2024లో నేను ట్యాంకు శుభ్రంగా వంపేసి, అంతటితో పని అయిపోయిందనుకున్నాను. జూలైలో మందు కలిపి, ఇద్దరు కూలీలను పెట్టుకుని తాడు లాగితే ఇంజను అందుకోలేదు. ఇంకో పంపు దొరికేసరికి పూట గడిచింది. ఆ సాయంత్రం కార్బొరేటర్ గిన్నె విప్పి చూశాను. అడుగున తేనె ఆరినట్టు పసుపు జిగురు, అంచుల వెంట సున్నంలా తెల్లటి పొడి. పెట్రోల్ వెళ్లే సన్న రంధ్రం ఉన్న జెట్‌ను వెలుతురుకు పట్టి చూస్తే రంధ్రమే కనపడలేదు. కరెంటు వైరులోంచి ఒక్క రాగి పోగు తీసి నెమ్మదిగా పొడిస్తే తెరుచుకుంది. ట్యాంకులో లీటరు చెడడానికి నెలలు పట్టొచ్చు, గిన్నెలో చెంచాడు ఆవిరై జిగురు మిగలడానికి వారాలు చాలు.

అందుకే నేను తీసేయడం వైపే. ట్యాంకు వంపాక ఇంజను స్టార్ట్ చేసి, దానంతటదే ఆగిపోయేదాకా వదిలేయండి. చోక్ వేసి ఇంకో రెండుసార్లు లాగండి. గిన్నె ఉన్న కార్బొరేటర్ అయితే అడుగు స్క్రూ వదులు చేసి చివరి చుక్కలు గుడ్డలోకి దింపండి. ప్లగ్ తీసి నాలుగు చుక్కల ఆయిల్ వేసి, తాడు మెల్లగా ఒకసారి లాగి మళ్లీ బిగించండి. అంతా కలిపి పావుగంట.

దీనికి ఒక అభ్యంతరం ఉంది. గడ్డి కోసే బ్రష్ కట్టర్ల కార్బొరేటర్‌లో గిన్నె ఉండదు, డయాఫ్రం అనే పలచటి పొర ఉంటుంది, ఎండబెడితే అది బిరుసెక్కుతుందని కొందరు మెకానిక్‌లు అంటారు. నెలలోపు మళ్లీ వాడే మిషను అయితే వాళ్ల మాటే వింటాను, ఎండబెట్టను. నాలుగు నెలలంటే మాత్రం ఖాళీ చేయడమే మంచిది. పాత డయాఫ్రం మార్చుకోవచ్చు, జిగురు పట్టిన సన్న దారులు బాగుపడటం కష్టం. ఇనప ట్యాంకు జనరేటర్ ఉన్నవాళ్లు నెలకోసారి తప్పకుండా పది నిమిషాలు లోడు మీద నడపగలిగితే నిండుగా ఉంచుకోండి, లేదంటే అదీ ఖాళీయే.

వంపిన పెట్రోల్ ఏం చేయాలి? ఆయిల్ కలపనిదైతే ఆ రోజే బండిలో పోసేయండి. సగం నిండిన ట్యాంకులో అర లీటరు కలిస్తే బండికి ఏమీ కాదు. ఆయిల్ కలిపింది బండికి పనికిరాదు, పక్క చేలో ఇంకా పంపు నడుస్తుంటే ఆ బాబాయికి ఇచ్చేయండి. అసలు ఆఖరి మందుకు అర లీటరే కలుపుకుంటే ఈ బాధ ఉండదు. లీటరుకు 40 మిల్లీలీటర్లయితే అర లీటరుకు 20, సీసా మూతతో కొలవచ్చు.

దాచక తప్పదంటే బిగుతు మూత ఉన్న ఇనప క్యాన్‌లో, పైన నాలుగు వేళ్లు ఖాళీ వదిలి, నీడలో పెట్టండి, నెల దాటనివ్వకండి. నీళ్ల బాటిళ్లలో వద్దు. లైసెన్సు లేకుండా 30 లీటర్లు మించకుండా ఉంచుకోనిచ్చే పెట్రోలియం చట్టం కూడా గాజు, పింగాణీ, లోహపు పాత్రలనే ఒప్పుకుంటుంది. వంటింటి దరిదాపుల్లోకి అసలు తేవద్దు. పెట్రోల్ ఆవిరి గాలికన్నా బరువు, నేల వెంట పాకి గ్యాస్ పొయ్యిని చేరుతుంది.

స్టెబిలైజర్ మందు కొత్త పెట్రోల్‌లో కలిపితే జిగురు పట్టడం ఆలస్యమవుతుంది, చేరిన నీళ్లను మాత్రం అది తీసేయలేదు. 95 ఆక్టేన్ పెట్రోల్‌లోనూ ఇథనాల్ ఉంటుంది, దానికి ఎక్కువ డబ్బు పెట్టి లాభం లేదు. చార్జింగ్ పంపుకు ఈ గొడవ లేదు కానీ బ్యాటరీని నెలకోసారి చార్జ్ చేస్తుండాలి.

ఇప్పటికే పెట్రోల్ ఉంచేసినవాళ్లు ముందు తాడు లాగకండి. ఆ పెట్రోల్‌ను గాజు సీసాలోకి వంపి పావుగంట కదపకుండా ఉంచి, వెలుతురుకు పట్టి చూడండి. అడుగున వేరే పొర కనపడినా, రంగు ముదిరి వార్నిష్ వాసన వచ్చినా అది ఇంజనులోకి పోకూడదు. గట్టు మీదా కాలువలోనూ పారబోయకుండా మెకానిక్‌కు ఇవ్వండి, గ్రీజు పట్టిన పార్టులు కడగడానికి వాడుకుంటాడు. ట్యాంకును కాస్త కొత్త పెట్రోల్‌తో తొలిచి, గిన్నె విప్పి జెట్ చూసుకున్నాకే తాడు పట్టుకోండి.