అమ్మకు ఫ్లో డైవర్టర్ వేయించాం: ఆపరేషన్‌కు ఐదుకు ఐదు మార్కులు, ఇంటికొచ్చాక చూసుకున్న తీరుకు రెండే

నిరుడు వినాయక చవితి నాడు అమ్మ దీపం పెడుతూ, "కుందులు నాలుగు కనబడుతున్నాయేంట్రా?" అంది. ఉన్నవి రెండే. కంటి డాక్టరు స్కాన్‌కు పంపితే తెలిసింది, కుడి కన్ను వెనక, మెదడుకు రక్తం తీసుకెళ్లే కెరోటిడ్ రక్తనాళం 14 మిల్లీమీటర్ల బుడగలా ఉబ్బిందని. మాది తెనాలి దగ్గర పల్లె. హైదరాబాద్‌లో ఒక పెద్ద ఆస్పత్రిలో చేర్చాం.

ఉబ్బు మూతి వెడల్పుగా ఉంది కాబట్టి లోపల కాయిల్స్ (సన్నటి లోహపు తీగ చుట్టలు) నింపితే నిలవవని, ఫ్లో డైవర్టర్ వేద్దామని డాక్టర్ గారు చెప్పారు. సన్నటి లోహపు తీగలతో చాలా దగ్గరగా అల్లిన గొట్టం అది. ఉబ్బులో పెట్టరు, దాని మూతికి అడ్డంగా రక్తనాళంలోనే పరుస్తారు. నాన్నకు అర్థం కాలేదని ఆయన కాగితం తీసుకుని బొమ్మ గీశారు. నాన్న కాసేపు చూసి, "గట్టు కోసుకుపోయే చోట తడిక కట్టినట్టా? కాలువ పారుతూనే ఉంటుంది, తడిక వెనక ఒండ్రు మేట వేస్తుంది" అన్నారు. "అంతేనండీ. కాకపోతే ఇక్కడ మేట వేసేది గడ్డకట్టిన రక్తం. దానికి నెలలు పడుతుంది" అన్నారు డాక్టర్ గారు.

ఆయన ఏదీ దాచలేదు. పైప్‌లైన్ అనే ఫ్లో డైవర్టర్‌కు అమెరికాలో 2011లో అనుమతి వచ్చింది. అప్పటి అధ్యయనంలో ఆరు నెలలకు సుమారు 74 శాతం, ఏడాదికి 87 శాతం ఉబ్బులు పూర్తిగా మూసుకుపోయాయట. నూటికి ఐదారుగురికి పెద్ద పక్షవాతమో, మరణమో సంభవించిందని కూడా చెప్పారు. ఆ రాత్రి మాకెవరికీ నిద్ర లేదు, కానీ చెప్పినందుకే ఆయన మీద నమ్మకం కుదిరింది.

ముందుగా రక్తం గడ్డకట్టకుండా చేసే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ మాత్రలు మొదలుపెట్టి రక్తపరీక్ష చేశారు. క్లోపిడోగ్రెల్ అమ్మకు సరిగా పనిచేయడం లేదని తేలి, అదే పనిచేసే టికాగ్రెలార్ అనే మాత్రకు మార్చి ఆపరేషన్ నాలుగు రోజులు వాయిదా వేశారు. అప్పుడు విసుక్కున్నాను. లోహం మీద రక్తం గడ్డకడితే మెదడుకు రక్తం ఆగిపోతుందని తెలిశాక వాళ్ల జాగ్రత్తకు దణ్ణం పెట్టాలనిపించింది. గజ్జల దగ్గర నుంచి సన్నటి ట్యూబు పంపి రెండు గంటల్లో పూర్తిచేశారు. తల మీద ఒక్క కుట్టు లేదు. నాలుగో రోజు ఇంటికి పంపారు.

నా బాధంతా ఆ తర్వాతే. డిశ్చార్జ్ కాగితం మొత్తం ఇంగ్లీషే. మూడో నెలలో పన్ను నొప్పి వస్తే, ఊళ్లో పళ్ల డాక్టరు "పన్ను తీయాలి, మాత్రలు ఐదు రోజులు ఆపండి" అన్నాడు. అమ్మ ఆ పూట మాత్ర మానేసింది. నేను ఆస్పత్రికి ఫోన్ చేస్తే బిల్లింగ్ కౌంటర్‌కు, అక్కడి నుంచి రిసెప్షన్‌కు తిప్పారు. డాక్టర్ గారు దొరికేసరికి సాయంత్రం ఆరు. "ఒక్క పూట కూడా ఆపొద్దు, వెంటనే వేయించండి" అన్నారు. ఆ పగలంతా నేను పడ్డ టెన్షన్ ఎవరికీ వద్దు. చివరికి మాత్రలు ఆపకుండానే, నెత్తురు ఆగేదాకా దూది నొక్కిపెట్టి ఇంకో పళ్ల డాక్టరు పన్ను తీశారు.

ఆరో నెల యాంజియోగ్రామ్‌లో ఉబ్బు మూతి దగ్గర చిన్న నీడ మాత్రమే మిగిలింది. కుందులు మళ్లీ రెండే కనబడుతున్నాయి.

ఈ చికిత్సకు వెళ్లేవాళ్లు ఇంటికి బయలుదేరే ముందే డాక్టరు చేత తెలుగులో రాయించుకోండి: ఏ మాత్ర, ఎన్ని నెలలు, తనను అడగకుండా ఆపొద్దని, రాత్రయినా ఎత్తే ఫోన్ నంబరు. మేం ఆరో నెలలో అడిగి రాయించుకున్నాం. ఇప్పుడది మా వంటింట్లో, మాత్రల డబ్బా పైన గోడకు అంటించి ఉంది.