తగ్గింపు ధరకు ట్రెక్కింగ్ బూట్లు కొంటున్నారా? ముందు తయారీ తేదీ చూడండి

హైదరాబాద్‌లో ట్రెక్కింగ్ బూట్లు సగం కన్నా తక్కువ ధరకే వస్తున్నాయని కొనబోయేవారు దయచేసి ఒక్క నిమిషం ఆగి ఇది చదవండి. అలాంటి జత ఒకటి కొనిపెట్టి మా బావమరిదిని మంచుకొండ మీద ప్రమాదంలోకి నెట్టినవాడిని నేను.

అతను డల్లాస్‌లో ఉంటాడు. నాలుగేళ్ల తర్వాత, డిసెంబరు సెలవులకు మూడు వారాల కోసం ఇంటికి వచ్చాడు. ‘బావా, ఈసారి చుట్టాల ఇళ్లు కాదు, హిమాలయాలకు తీసుకెళ్లు’ అని అడిగాడు. ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ అనుకున్నాం. శిఖరం 12,500 అడుగుల ఎత్తు. చలికాలంలోనూ ఎక్కగలిగే కొండ కాబట్టి మొదటిసారి వెళ్లేవారు ఎక్కువగా దాన్నే ఎంచుకుంటారు. నా బూట్లు నాకున్నాయి, అతనికి లేవు. నగరంలోని ఒక దుకాణంలో పేరున్న కంపెనీ జత కనిపించింది. అసలు ధర 8,999 రూపాయలట, మాకు 3,400కు ఇచ్చారు. ‘చివరి సరుకు సార్, అందుకే ఈ ధర’ అన్నాడు దుకాణదారు. తోలు మెరుస్తోంది, లేసులు కొత్తవి, అడుగున అట్ట (సోల్) గట్టిగా ఉంది. రెండు రోజులు పొద్దున్నే పార్కులో నడిచి చూశాడు కూడా. ఏ ఇబ్బందీ తెలియలేదు.

డెహ్రాడూన్ నుంచి సాంక్రీ ఊరికి రోజంతా ప్రయాణం. మర్నాడు దేవదారు చెట్ల మధ్య జుడా కా తాలాబ్ దాకా హాయిగా నడిచాం. సరస్సు గడ్డకట్టి ఉంది. రెండో రోజు పై శిబిరానికి ఎక్కుతుండగా అతను ‘ఎడమ మడమ కిందికి దిగిపోతున్నట్టుంది బావా’ అన్నాడు. మంచులో కూరుకుపోతోందేమో అనుకున్నాను. వెనక్కి తిరిగి చూస్తే అతని అడుగుజాడల్లో, తెల్లటి మంచు మీద, మాడిన రొట్టె పొడిలా నల్లటి నలుసులు రాలి ఉన్నాయి. వంగి వేళ్ల మధ్య నలిపితే మెత్తగా పిండైపోయింది. అప్పుడు అర్థమైంది, అట్టకూ తోలుకూ మధ్యనున్న పొర లోపలి నుంచే పొడిగా రాలిపోతోందని.

గంట గడిచేసరికి ఎడమ బూటు ముందువైపు నోరు తెరిచింది. ఆ తర్వాత కుడిదీ అంతే. జారకుండా తగిలించే ఇనుప ముళ్ల పట్టీ గట్టి అట్ట ఉంటేనే నిలుస్తుంది, ఊగే అట్ట మీద పక్కకు ఒరిగిపోతుంది. మా గైడు తాడుతో రెండు బూట్లనూ చుట్టి కట్టాడు. అయినా లోపలికి మంచు చేరి మేజోళ్లు తడిసిపోయాయి. శిబిరానికి చేరేసరికి అతని రెండు వేళ్లు పాలిపోయాయి, గిల్లినా తెలియడం లేదు. నేను కంగారులో రుద్దబోతే గైడు నా చెయ్యి పట్టుకుని ఆపాడు. అలాంటప్పుడు రుద్దకూడదు, మంటకు దగ్గరగా పెట్టకూడదు, ఒంటి వేడితోనే మెల్లగా కాచాలి. ఆ రెండు పాదాలనూ తన చొక్కా లోపల పొట్టకు ఆనించుకుని కూర్చున్నాడు. అరగంటకు వేళ్లకు రంగు తిరిగొచ్చింది. ఆ మనిషికి జన్మంతా రుణపడి ఉంటాను.

శిఖరం ఎక్కే ఆలోచన అక్కడితో ఆగిపోయింది. సామాను మోసే కుర్రవాడు తన రబ్బరు బూట్లు ఇస్తే, ఒక సైజు చిన్నవైనా వేసుకుని దిగాడు. నాలుగేళ్లకొకసారి దొరికే సెలవులో ముఖ్యమైన రోజులు అలా పోయాయి. ‘మీరు దగ్గరుండి కొన్నారుగా’ అని మా ఆవిడ ఒక్కమాటే అంది, అది ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

ఇంటికొచ్చి పెట్టె తీసి చూశాను. తగ్గింపు ధర స్టిక్కరు సరిగ్గా అసలు ధర మీద, తయారీ నెల మీద అంటించి ఉంది. తడిగుడ్డతో నానబెట్టి లేపితే కింద తేలింది 2015. మేం కొనేనాటికే ఆ బూట్ల వయసు ఎనిమిదేళ్లు దాటింది.

వాడని బూట్లు ఎన్నేళ్లయినా కొత్తవే అని నేనూ అనుకునేవాడిని. అది పొరపాటు. ఇలాంటి చాలా బూట్లలో మధ్య పొరను పాలీయూరిథేన్‌తో చేస్తారు. గాలిలోని తేమ దానిలోకి ఇంకి, ఏళ్ల తరబడి ఆ పదార్థాన్ని లోలోపల తెంచుతుంది. పెట్టెలో మూసి ఉంచినా ఇది ఆగదు, ఉక్కగా ఉండే గోదాములో మరింత వేగంగా జరుగుతుంది. పైకి తోలు నిగనిగలాడుతూనే ఉంటుంది, బరువు పడి గంటల కొద్దీ నడిస్తేనే బయటపడుతుంది. పార్కులో రెండు పూటల నడకకు మాకు తెలియకపోవడానికి కారణం అదే.

కాబట్టి పెట్టె మీద నెల, సంవత్సరం చదవండి. బూటు నాలుక లోపల కుట్టిన చిన్న చీటీలో కూడా చాలా కంపెనీలు తేదీ వేస్తాయి. ఐదేళ్లు దాటిన జత ఎంత చౌకగా ఇచ్చినా వద్దనండి. మడమ పక్కన మధ్య పొరను బొటనవేలితో గట్టిగా నొక్కండి. సన్నని పగుళ్లు కనిపించినా, నొక్కినచోట గుంట నిలిచిపోయినా కొనకండి. ఇంట్లో అటక మీద పాత జత ఉన్నవారు కూడా కొండకు వెళ్లేముందు ఈ పరీక్ష చేసుకోండి.

దుకాణానికి వెళ్తే ‘మంచులో తడిపి తెచ్చారు’ అన్నారు. బిల్లు వెనుక ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అన్న ముద్ర చూపించారు. ఆ ముద్ర చూసి వెనక్కి రాకండి. బిల్లులో గడువేదీ రాయకపోతే, లోపమున్న వస్తువును 30 రోజుల్లోపు వాపసు తీసుకోవడానికి నిరాకరించడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. తగ్గింపు ధర స్టిక్కరుతో ముద్రించిన అసలు ధరను కప్పడమూ నిబంధనలకు విరుద్ధమే. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేశాను. ఇంకా తేలలేదు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. చెల్లించిన సొమ్ము ఐదు లక్షల లోపైతే అక్కడ రుసుము కూడా ఉండదు. బిల్లు, పెట్టె, స్టిక్కరు, ఊడిన అట్టలు అన్నీ దాచి ఉంచాను, మీరూ ఏదీ పారేయకండి.

నేను దుకాణం నుంచి బయటికి వస్తుంటే అదే రకం పెట్టెలు ఇంకా డజను దాకా అరలో కనిపించాయి. ఎనిమిది, తొమ్మిది సైజులు. ప్రతి పెట్టె మీదా అదే చోట అదే పసుపు స్టిక్కరు. మీ చేతికి అలాంటి పెట్టె వస్తే, డబ్బు ఇచ్చేముందు ఆ స్టిక్కరు కింద ఏముందో చూపించమని అడగండి.