పట్టాయాలో పిల్లలతో ఆరేళ్లు

థాయ్‌లాండ్‌లో, బార్లకీ నైట్ లైఫ్‌కీ పేరుపడ్డ పట్టాయాలో ఉంటున్నాం అనగానే మనవాళ్లు ముందు నవ్వుతారు. తర్వాత గొంతు తగ్గించి "ఫ్యామిలీతోనా?" అని అడుగుతారు. ఫ్యామిలీతోనే. మా ఆయనకి లామ్ చబాంగ్ పోర్టు వైపు కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో ఉద్యోగం. పిల్లలు ఇద్దరు. వచ్చే ముందు నేను ఎంత వెతికినా నాలుగు రోజులు తిరిగి వెళ్లినవాళ్లు రాసినవే దొరికాయి, ఇక్కడ కాపురం చేసినవాళ్లు రాసింది ఒక్కటీ కనబడలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఈ ఊళ్లో మీ బతుకు ఎలా ఉంటుందనేది ఊరిని తూర్పు, పడమరలుగా చీల్చే సుఖుంవిత్ రోడ్డుకి ఏ పక్కన ఇల్లు తీసుకున్నారన్న దాని మీదే ఉంది. మిగతావన్నీ దాని తర్వాతే.

మేం మొదట పడమటి పక్కన, సెకండ్ రోడ్ దగ్గర, పద్దెనిమిదో అంతస్తులో తీసుకున్నాం. బాల్కనీలోంచి సముద్రం. చుట్టాలకి ఫొటోలు పంపినన్నాళ్లు బాగానే ఉంది. రాత్రి రెండింటి దాకా కింద నుంచి దబ్ దబ్‌మని పాటలు, కిటికీ అద్దం మీద చెయ్యి పెడితే అదురు తెలిసేది. కరెంటుకి బిల్డింగ్ వాళ్లు యూనిట్‌కి 7 బాట్ (బాట్ అంటే ఇక్కడి డబ్బు) వేసేవారు. ప్రభుత్వ మీటరైతే అప్పట్లో నాలుగు చిల్లరే అయ్యేదని మాకు ఏడాది తర్వాత గానీ తెలియలేదు. ఇక్కడ ఏసీ లేకుండా పిల్లలు పడుకోలేరు కాబట్టి అది చిన్న విషయం కాదు. అగ్రిమెంటు రాసేటప్పుడు అద్దె కన్నా ముందు ఇదే అడగండి.

తర్వాత తూర్పు పక్కకి మారాం. ఇక్కడి విదేశీయులు దాన్ని 'డార్క్ సైడ్' అంటారు. పేరు అలా ఉంది గానీ, పిల్లలున్నవాళ్లలో చాలామంది ఉండేది అటే. స్కూళ్లు అటు ఉన్నాయి, చిన్న పెరడున్న ఇళ్లు ఉన్నాయి, మాప్‌ప్రచన్ చెరువు చుట్టూ సాయంత్రం సైకిళ్లు తొక్కుకోవచ్చు. ఒకటే బాధ, బండి లేకపోతే కాళ్లు విరిగినట్టే.

బీచ్ పక్కన ఆ బాధ లేదు. బీచ్ రోడ్ దక్షిణానికి వన్ వే, సెకండ్ రోడ్ ఉత్తరానికి వన్ వే. ఈ రెండింటి మీదా బాట్ బస్సులు గుండ్రంగా తిరుగుతూనే ఉంటాయి. అదో పికప్ వ్యాన్, వెనక రెండు బెంచీలు. ఎక్కి కూర్చోవాలి, దిగాల్సిన చోట పైకప్పుకున్న బటన్ నొక్కాలి, దిగాక డ్రైవర్‌కి కిటికీలోంచి డబ్బులివ్వాలి. ఎక్కే ముందు "ఎంత?" అని అడిగారా, మీరు బండిని టాక్సీలా మాట్లాడుకుంటున్నారనుకుని రెండొందలు చెబుతాడు. మేం వచ్చిన కొత్తలో మనిషికి 10 బాట్. మా అబ్బాయి ఆ పది బాట్ల నాణేన్ని గుప్పిట్లో బిగించి పట్టుకుని, బటన్ తనే నొక్కాలని గొడవపడేవాడు. అందనప్పుడు పక్కనున్న ఎవరో ముసలాయన ఎత్తి పట్టుకునేవాడు. పిల్లల్ని ముద్దు చేయడంలో ఈ దేశం వాళ్లకి వంక పెట్టలేం.

అందరూ అడగాలనుకుని అడగలేనిది కూడా చెప్పేస్తాను. బార్లుండే వాకింగ్ స్ట్రీట్ పిల్లలకి కనబడుతుందా? వెళ్తేనే. కానీ సాయంత్రం బీచ్ రోడ్ మీద వెళ్తుంటే కనబడేవి కనబడతాయి. "ఆ అక్కలు ఎవరి కోసం నిలబడ్డారు?" అని మా అమ్మాయి ఎనిమిదేళ్లప్పుడు అడిగింది. "అది వాళ్ల పని" అన్నాను. సరే అని ఐస్‌క్రీమ్‌లో పడిపోయింది. నాకే రెండు రోజులు నిద్ర పట్టలేదు.

వీసా సంగతికి వస్తే, తప్పు నాదే. భర్త ఉద్యోగం మీద వచ్చిన మాలాంటివాళ్లకి ఏటా గడువు పొడిగించుకునే ఫీజు 1,900 బాట్, 90 రోజులకోసారి అడ్రస్ రిపోర్టు. అవి నేను ఎప్పుడూ మరవలేదు. రెండో ఏడాది పెళ్లికని ఇండియా వెళ్తూ రీ ఎంట్రీ పర్మిట్ తీసుకోలేదు. అది లేకుండా దేశం దాటితే పొడిగించిన గడువు అక్కడితో రద్దు. వెయ్యి బాట్లతో పోయేదానికి వీసా మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. ఇప్పుడు 3,800 పెట్టి ఎన్నిసార్లయినా వెళ్లొచ్చేది తీసుకుంటున్నాను. ఇంకోటి, ఈ వీసా మీద వర్క్ పర్మిట్ లేకుండా ఏ పనీ చేయకూడదు. ఖాళీగా ఉండలేనివాళ్లకి మొదటి ఏడాది చాలా కష్టం. నేను ఆ టైములో థాయ్ నేర్చుకున్నాను. ఐదు స్వరాలు నోరు తిరగక ఏడిపిస్తాయి గానీ మాటలు మనకి సగం చుట్టాలే. భాష 'ఫాసా', ఆహారం 'ఆహాన్', గురువు 'ఖ్రూ'. బండిని 'రొత్' అంటారు, అంటే రథం. మా పాత స్కూటీ కూడా రథమే.

శాకాహారులకి ఫిష్ సాస్‌తో పేచీ. పసుపు రంగు మీద ఎర్రటి 'జే' అక్షరం (మాంసం, చేపలు లేని వంటకి గుర్తు) ఉన్న కొట్లు చూసుకోండి. ఏప్రిల్లో సోంగ్‌క్రాన్, అంటే నీళ్లు చల్లుకునే థాయ్ కొత్త సంవత్సరం పండగ, దేశమంతా 13 నుంచి 15 వరకూ అయితే, ఇక్కడ 19 దాకా సాగుతుంది. మొదటి రోజు పిల్లలకి పండగ, నాలుగో రోజుకి కూరగాయలకి వెళ్లినా నిలువునా తడిసి రావాలి.

అసలు తడవడం సెప్టెంబరు, అక్టోబరుల్లో. ఊరు తూర్పు నుంచి సముద్రం వైపు వాలుగా ఉంటుంది, పడ్డ వానంతా సుఖుంవిత్ దాటి కిందికి రావాల్సిందే. రైలు పట్టాల పక్క రోడ్డు ముందు మునుగుతుంది. ఒకసారి స్కూల్ నుంచి వస్తూ అక్కడ ఇరుక్కున్నాం. అరగంటలో నీళ్లు కారు తలుపు అంచుకొచ్చాయి. మా ముందు ఎవరిదో స్కూటర్ పక్కకి ఒరిగి, హెల్మెట్ ఒక్కటే తేలుతూ పోతోంది. వెనక సీట్లో పిల్లలు చప్పట్లు.

బీచ్ గురించి రాయలేదంటారేమో. ఆదివారం పొద్దున ఆరింటికి జోమ్‌టియన్ బీచ్‌కి వెళ్తాం, తొమ్మిదికల్లా ఎండకి జడిసి ఇంటికొస్తాం. అంతే.

మీరు వస్తుంటే, ఇల్లు మాత్రం నవంబరులో చూడొద్దు. అప్పుడు అన్ని వీధులూ బాగుంటాయి. సెప్టెంబరులో, గట్టి వాన పడిన మర్నాడు వెళ్లండి. ప్రహరీ గోడ మీద నీటి మరక ఎంత ఎత్తున ఉందో చూసుకుని, అప్పుడు రెండు నెలల డిపాజిట్ చేతిలో పెట్టండి.