మల పరీక్షా, కొలనోస్కోపీయా? నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఏది మేలు

పెద్దపేగు క్యాన్సర్ పరీక్ష గురించి అడిగేవాళ్లలో చాలామందికి అసలు ఈ పోలికే అక్కర్లేదు. మలంలో రక్తం పడుతున్నా, మలవిసర్జన తీరు వారాల తరబడి మారిపోయినా, కారణం తెలియకుండా బరువు తగ్గుతున్నా నేరుగా కొలనోస్కోపీకే, అంటే మలద్వారం గుండా కెమెరా ఉన్న గొట్టం వేసి పెద్దపేగునంతా చూసే పరీక్షకే వెళ్లాలి. మగవాళ్లలోనూ, ముట్లుడిగిన ఆడవాళ్లలోనూ ఐరన్ లోపంతో రక్తహీనత వచ్చినా అంతే. నోటి గుండా పైనుంచీ, మలద్వారం గుండా కిందనుంచీ రెండు వైపులా గొట్టం వేసి చూడాలి. మలంలో దాగిన రక్తాన్ని వెతికే పరీక్ష ఏ బాధా లేనివాళ్ల కోసం. కంటికి కనబడే రక్తాన్ని ల్యాబ్‌లో మళ్లీ వెతికించడం డబ్బు దండగ.

ఏ బాధా లేనివాళ్ల దగ్గరే అసలు చర్చ. ముందు ఈ జబ్బు మనదేశంలో ఎంత ఉందో చూడాలి. వయసు తేడాలు సరిచేసి లెక్కిస్తే భారత్‌లో ఏటా లక్ష మందికి 5 దరిదాపుల్లో కొత్త కేసులు వస్తున్నాయి. నార్వే, డెన్మార్క్‌లలో అది 35 దాటుతుంది. అందుకే అక్కడి సలహాను ఇక్కడ ఉన్నదున్నట్టు దించుకోలేం. ఊహగా ఒక లెక్క వేద్దాం. 50 దాటిన 10,000 మందిని పరీక్షిస్తే వాళ్లలో 10 మందికి క్యాన్సర్ ఉందనుకోండి. ఫిట్ అనే మల పరీక్ష వాటిలో ఏడెనిమిదింటిని పట్టుకుంటుంది. క్యాన్సర్ లేనివాళ్లలో సుమారు 6 శాతం మందికి, అంటే దాదాపు 600 మందికి కూడా పాజిటివ్ చూపిస్తుంది. అదే 10,000 మందిలో 60 క్యాన్సర్లు ఉండే చోట ఆ 600 తప్పుడు పాజిటివ్‌లకు 45 దాకా నిజమైనవి దొరుకుతాయి. పరీక్ష ఒకటే అయినా జబ్బు అరుదైన చోట పాజిటివ్‌కి విలువ తగ్గుతుంది. ఫిట్ పాజిటివ్ వచ్చిందంటే క్యాన్సర్ వచ్చేసిందని బెంబేలు పడనక్కర్లేదు. అలాగని వదిలేయనూ కూడదు.

ఇంకో మాట. మన ఆసుపత్రుల్లో ఈ జబ్బుతో 40 ఏళ్లవాళ్లు ఎక్కువగా కనబడుతున్నారని అందరూ అంటారు. నిజమే, కానీ అందులో కొంత మన జనాభాయే కుర్రది కావడం వల్ల. ఒక్కో వయసువాళ్లలో లక్షకు ఎంతమందికి వస్తోందని చూస్తే ఇక్కడా వయసుతో పాటే ముప్పు పెరుగుతుంది. పెద్దపేగు చివర ఉండే పురీషనాళంలో వచ్చే క్యాన్సర్ల వాటా మాత్రం మన దగ్గర ఎక్కువే. డాక్టరు వేలితో చేసే ఒక్క నిమిషం పరీక్షకు అందే చోటు అది. సిగ్గుపడి దాన్ని వద్దనడం, పైల్స్ బోర్డు చూసి లోపలికి వెళ్లి ఏ గొట్టం పరీక్షా లేకుండా నెలల తరబడి మొలల వైద్యం చేయించుకోవడం, ఈ రెండింటి వల్లా ఆలస్యమయ్యే కేసులు చాలా ఉంటాయి.

మల పరీక్షల్లో రెండు రకాలు. పాతది గుయాక్. రక్తంలోని హీమ్ చేసే రసాయన చర్య వల్ల కాగితం నీలం రంగుకు తిరుగుతుంది. మనిషి రక్తమా, మేక రక్తమా అని దానికి తేడా తెలియదు. కాబట్టి మూడు రోజుల ముందు నుంచి మటన్, ముల్లంగి, కాలీఫ్లవర్ మానాలి. వరసగా మూడు మలవిసర్జనల నుంచి నమూనా ఇవ్వాలి. విటమిన్ సి రోజుకు 250 మిల్లీగ్రాములు దాటితే ఉన్న రక్తాన్ని కూడా లేనట్టు చూపిస్తుంది. పొదలకూరు నిమ్మకాయలకు భయపడక్కర్లేదు, 100 గ్రాముల నిమ్మరసంలో ఉండేది 30 మిల్లీగ్రాములే. చప్పరించే 500 మిల్లీగ్రాముల బిళ్లతోనే చిక్కు.

కొత్తది ఫిట్. ఇది మనిషి హీమోగ్లోబిన్‌లోని గ్లోబిన్‌ను మాత్రమే పడుతుంది. పథ్యం లేదు, ఒక్క నమూనా చాలు. పై పేగుల్లో కారిన రక్తంలోని గ్లోబిన్ దారిలోనే అరిగిపోతుంది కాబట్టి కడుపులో పుండు వల్ల తప్పుగా పాజిటివ్ వచ్చే అవకాశమూ తక్కువే. రెండింటిలో ఎంచుకోమంటే ఫిట్టే, ఆలోచించక్కర్లేదు. ల్యాబ్‌లో 'స్టూల్ ఆకల్ట్ బ్లడ్' అని మాత్రమే రాసి ఉంటే ఏ పద్ధతో అడగండి. ఉంది, లేదు అని చెప్పే కార్డు కన్నా అంకె ఇచ్చేది నయం. గ్రాము మలానికి 20 మైక్రోగ్రాములు చాలా చోట్ల వాడే హద్దు.

నమూనా తీయడంలోనే తప్పులు ఎక్కువ. మన మరుగుదొడ్డి బేసిన్‌లో నీళ్లుంటాయి. మలం ఆ నీళ్లలో పడితే నమూనా పనికిరాదు. ముందే కాగితపు పళ్లెమో పాలిథీన్ కవరో పరవాలి. కిట్‌లోని పుల్లను నాలుగైదు చోట్ల గుచ్చి, గాడులు నిండితే చాలు, ఎక్కువ తీసినందువల్ల లాభం లేదు సరికదా లెక్క తప్పుతుంది. సీసాలోకి దించి, క్లిక్‌మనేదాకా మూసి, ఊపాలి. నెలసరి రోజుల్లో, మొలల నుంచి రక్తం కారుతున్నప్పుడు తీయకూడదు.

ఈ రెండు జిల్లాల్లో ఫిట్‌కు అసలు శత్రువు ఎండ. వేడికి సీసాలోని హీమోగ్లోబిన్ విరిగిపోతుంది, దాంతో పాజిటివ్ రావాల్సింది నెగెటివ్‌గా వస్తుంది. ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో చేసిన పరిశీలనలో చలికాలం కన్నా వేసవిలో పాజిటివ్‌లు 17 శాతం తగ్గాయి. మే నెల ఒంగోలు ఎండ ముందు ఫ్లోరెన్స్ ఎండ ఏపాటిది! కనిగిరి నుంచి మధ్యాహ్నం బస్సులో బ్యాగు అడుగున పెట్టి తెచ్చిన సీసాకు వచ్చిన నెగెటివ్‌ను నమ్మలేం. తీసిన నమూనాను ఫ్రిజ్‌లో పెట్టండి, ఫ్రీజర్‌లో కాదు. పొద్దున్నే, ఐస్ ప్యాక్ ఉన్న డబ్బాలో ల్యాబ్‌కు చేర్చండి. శనివారం సాయంత్రం ఇస్తే సోమవారం దాకా ఎక్కడుంటుందో అడగండి. వీలైతే పరీక్షను డిసెంబరు, జనవరి నెలల్లో పెట్టుకోవడం ఇంకా మేలు.

కొలనోస్కోపీ బలం వేరు. ఫిట్ క్యాన్సర్లలో నాలుగింట మూడింటిని పడుతుంది కానీ, క్యాన్సర్‌గా మారబోయే పెద్ద పాలిప్‌లను (పేగు లోపలి పొర మీద మొలిచే కండలను) నాలుగింట ఒకదాన్నే పడుతుంది. కొలనోస్కోపీ వాటిని కళ్లతో చూసి అక్కడికక్కడే తీసేస్తుంది. పేగు శుభ్రంగా ఉంటే మామూలు ముప్పు ఉన్నవాళ్లకు పదేళ్ల దాకా మళ్లీ అక్కర్లేదు. ఫిట్ ఏటా, లేదా కనీసం రెండేళ్లకోసారి చేయించాలి. ఒకసారి చేయించి మరిచిపోయే ఫిట్ వల్ల దక్కేది తక్కువ.

కొలనోస్కోపీ ఫలితం పేగు శుభ్రత మీదే నిలబడుతుంది. రెండు మూడు రోజుల ముందు నుంచి ఆకుకూరలు, గోంగూర, రాగి సంగటి, బెండ, వంకాయ, టమాటా గింజలు, జామ మానాలి. తాలింపులో ఆవాలు, కరివేపాకు కూడా వద్దు, అవి గొట్టంలోని సక్షన్‌కు అడ్డం పడతాయి. తెల్లన్నం, ముల్లు తీసిన చేప, గుడ్డు పర్వాలేదు. ముందు రోజు నీళ్లలాంటివే: కొబ్బరినీళ్లు, పాలు లేని టీ, వడకట్టిన రసాలు. ఎర్రరంగు పానీయాలు మాత్రం వద్దు. ఐరన్ బిళ్లలు వారం ముందే ఆపాలి. పేగును కడిగే పాలీఇథిలీన్ గ్లైకాల్ పొడిని సాచెట్ మీద చెప్పిన కొలతలో కలిపి, సగం ముందురోజు రాత్రి, మిగతా సగం పరీక్షకు నాలుగైదు గంటల ముందు తాగాలి. అంతా రాత్రే తాగేస్తే తెల్లారేసరికి కుడివైపు పేగు మీద మళ్లీ పసుపుపచ్చ జిగురు చేరి చిన్న పాలిప్‌లు కనబడవు. షుగర్ బిళ్లలు, ఇన్సులిన్, రక్తం పలచబరిచే మందులు ఎప్పుడు ఆపాలో డాక్టరు చెబితేనే ఆపాలి.

ఉమ్మడి ప్రకాశం జిల్లా పశ్చిమాన కిడ్నీ జబ్బులు ఎక్కువ. అక్కడివాళ్లకు ఒక హెచ్చరిక: పేగు కడగడానికే చిన్న సీసాలో వచ్చే సోడియం ఫాస్ఫేట్ మందు తాగడం తేలికే కానీ కిడ్నీలను దెబ్బతీయగలదు. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు, ముసలివాళ్లు పాలీఇథిలీన్ గ్లైకాల్‌కే పరిమితం కావాలి. మందు ఇచ్చేముందు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్త పరీక్ష) చూడమని అడగడం తప్పు కాదు.

ముప్పు లేకపోలేదు. లక్షణాలు లేనివాళ్లకు చేసే కొలనోస్కోపీల్లో 10,000కు సుమారు 3 చోట్ల పేగుకు చిల్లు, 15 చోట్ల పెద్ద రక్తస్రావం. రిపోర్టులో సీకం (పెద్దపేగు మొదలయ్యే చోటు) దాకా వెళ్లినట్టు ఫొటో, పేగు శుభ్రతకు మార్కు ఉన్నాయో చూడండి. గొట్టం వెనక్కి తీస్తూ చూడడానికి కనీసం 6 నిమిషాలు పట్టాలి.

మరి ఏది మేలు? స్పెయిన్‌లో రెండేళ్లకోసారి ఫిట్‌ను, ఒక్కసారి కొలనోస్కోపీని పోల్చిన పెద్ద అధ్యయనం 2025లో వెలువడింది. పదేళ్లలో ఈ క్యాన్సర్‌తో చనిపోయినవారు ఫిట్ వైపు 0.24 శాతం, కొలనోస్కోపీ వైపు 0.22 శాతం. కొలనోస్కోపీకి పిలిస్తే 32 శాతం వచ్చారు, ఫిట్‌కు 40 శాతం. జనం ఒప్పుకున్న పరీక్షే పనిచేసింది. జబ్బు ఇంకా తక్కువగా ఉన్న మన జిల్లాల్లో, లక్షణాలూ కుటుంబ చరిత్రా లేని 50 దాటినవారికి ఏటా ఫిట్టే మేలని మా అభిప్రాయం. తల్లిదండ్రుల్లో, తోబుట్టువుల్లో ఎవరికైనా వచ్చి ఉంటే మాత్రం నేరుగా కొలనోస్కోపీయే. అది 40 ఏళ్లకు, లేదా వాళ్లకు జబ్బు బయటపడిన వయసుకు పదేళ్లు ముందు, ఏది ముందైతే అప్పుడు.

పొట్టి గొట్టంతో చేసే సిగ్మాయిడోస్కోపీ పెద్దపేగు ఎడమవైపు మాత్రమే చూస్తుంది, ఒక ఎనిమా చాలు, పురీషనాళానికి బాగా పనికొస్తుంది. సీటీ స్కాన్‌తో పెద్దపేగును చూసే సీటీ కొలనోగ్రఫీకి కూడా పేగు కడగాల్సిందే, పైగా పాలిప్ కనబడితే తీయలేదు. హెల్త్ ప్యాకేజీల్లో కలిపి అమ్మే సీఈఏ రక్త పరీక్ష తొలిదశ జబ్బును చాలాసార్లు చూపించదు, పొగతాగేవాళ్లలో జబ్బు లేకుండానే పెరుగుతుంది. దాన్ని నమ్ముకోకండి.

ఫిట్ పాజిటివ్ వచ్చాక చాలామంది చేసే పని ఇంకో ల్యాబ్‌లో మళ్లీ ఫిట్ చేయించడం. పాలిప్ రోజూ రక్తం కార్చదు. రెండోది నెగెటివ్ వచ్చినంత మాత్రాన మొదటిది రద్దవదు. పాజిటివ్ వచ్చిన రెండు మూడు నెలల్లో కొలనోస్కోపీ అయిపోవాలి. అది పది నెలలు దాటితే ముదిరిన దశలో బయటపడే అవకాశం పెరుగుతుంది.